శ్వేతపత్రంలో రాయని బాకీ

(ఒంగోలులో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు కూర్చున్న సభలో ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. కొద్దిపాటి సవరణలతో.)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకొని నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ముప్పావు గంట మాట్లాడతాను, అంతసేపు నిలబడితే కాళ్ళు లాగుతాయి.

నాది నెల్లూరు జిల్లా, కలిగిరి వైపు పల్లెటూరు. ఉద్యోగమంతా ఈ ప్రకాశం జిల్లాలోనే చేశాను, డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతూ. రాష్ట్రం అప్పుల గురించి మాట్లాడమని పిలిచారు, సరేనన్నాను. నిన్న సాయంత్రం లాయర్‌పేటలో నడుస్తుంటే ఒక మేడ మీద నుంచి 'సార్' అని పిలుపు వినిపించింది. తలెత్తి చూస్తే, పదేళ్ళ కిందట నా దగ్గర చదువుకున్న అమ్మాయి. చేతిలో పుస్తకం. ఇంకా చదువుతూనే ఉంది. 'ఏం పరీక్షమ్మా' అని అడిగితే 'ఏది పడితే అది సార్' అంది. రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. లక్షల కోట్ల లెక్కలు ఎన్ని చెప్పినా, ఆ అమ్మాయి ఆ మేడ మీద పదేళ్ళు ఎందుకు ఉండిపోయిందో చెప్పకపోతే నా ప్రసంగం దండగ. అందుకని రెండూ కలిపే మాట్లాడతాను. నిజానికి ఆ రెండూ వేరు కావు.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. మా నాయన పొగాకు రైతు. నాకు ఊహ తెలిశాక ఆయన రెండు పెద్ద అప్పులు చేశాడు. ఒకటి పొగాకు ఆకు క్యూరింగ్ చేసే బ్యారన్ కట్టడానికి, రెండోది మా అక్క పెళ్ళికి. అప్పు ఇచ్చిన షావుకారు ఒక్కడే, వడ్డీ ఒక్కటే, నూటికి రెండు రూపాయలు. బ్యారన్ అప్పు నాలుగు పంటల్లో తీరిపోయింది. ఆ బ్యారన్‌లో క్యూరింగ్ చేసిన ఆకే దాన్ని తీర్చింది. పెళ్ళి అప్పు మాత్రం నేను ఉద్యోగంలో చేరాక నా జీతంలోంచి తీరింది. అక్క పెళ్ళి దుబారా అని నేను ఏనాడూ అనుకోలేదు. పెళ్ళి చేయాల్సిందే. కానీ ఆ అప్పు తీరే దారి ఆ అప్పులో లేదు, వేరే చోట వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ వేరే చోటు నేను.

ప్రభుత్వం అప్పు కూడా ఇంతేనా అంటే, సగం ఇంతే, సగం కాదు.

మనిషికి ముసలితనం ఉంది, చావు ఉంది. ఆలోపు అప్పు తీర్చాలి. ప్రభుత్వానికి అవి లేవు. పాత బాండు, అంటే అప్పు పత్రం, గడువు తీరితే కొత్త బాండు అమ్మి కట్టవచ్చు. ప్రపంచంలో ప్రభుత్వాలన్నీ చేసేది అదే. కాబట్టి 'ప్రతి పౌరుడి నెత్తిన ఇంత అప్పు ఉంది' అని మైకులో అరిచేవాళ్ళను చూసి భయపడకండి. రేపు మీ ఇంటి తలుపు తట్టి ఆ డబ్బు ఎవరూ అడగరు. అడగాల్సిన లెక్క వేరే ఉంది. రాష్ట్రం ఆదాయం పెరిగే వేగం ఎక్కువా, అప్పు మీద వడ్డీ పెరిగే వేగం ఎక్కువా? ఆదాయం ముందు నడిస్తే అప్పు మోయవచ్చు. వడ్డీ ముందు నడిస్తే, ఏటా బడ్జెట్‌లో వడ్డీ వాటా పెరుగుతూ పోతుంది, మిగతా వాటికి తగ్గుతూ పోతుంది.

రాష్ట్రం అప్పు ఎలా తెస్తుందో ఇక్కడి పొగాకు రైతులకు చెప్పడం చాలా తేలిక. టంగుటూరులోనో కొండపిలోనో వేలం కేంద్రంలో మీరు బేళ్ళు పెడతారు, కంపెనీల బయ్యర్లు ధర పాడతారు. రిజర్వు బ్యాంకు కూడా రాష్ట్రాల తరఫున అలాంటి వేలమే నడుపుతుంది, సాధారణంగా మంగళవారాల్లో. అక్కడ బేలు బదులు రాష్ట్రం బాండు ఉంటుంది. బ్యాంకులు, బీమా కంపెనీలు, పీఎఫ్ సంస్థలు ఎంత వడ్డీకి ఇస్తామో పాడతాయి. అంటే మీరు కట్టే బీమా ప్రీమియంలో కొంత తిరిగి తిరిగి మన ప్రభుత్వానికే అప్పుగా వెళుతోంది. నెల మధ్యలో ఖజానాలో డబ్బు తగ్గితే రిజర్వు బ్యాంకు దగ్గర చేబదులు తీసుకుంటారు. అదీ దాటితే ఓవర్‌డ్రాఫ్ట్.

కేంద్రానికీ రాష్ట్రానికీ ఇక్కడ పెద్ద తేడా ఉంది. కేంద్రం వెనక రిజర్వు బ్యాంకు ఉంది, నోటు దాని చేతిలో ఉంది. రాష్ట్రానికి నోటు లేదు. పైగా రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే కేంద్రం ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు ఏటా ఒక హద్దుగా వస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2023-24 నుంచి ఆ హద్దును రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతంగా పెట్టింది, విద్యుత్ సంస్కరణలు చేస్తే మరో అర శాతం.

ఈ తేడా తెలియకపోతే అమెరికా కథ విని తప్పు పాఠం నేర్చుకుంటాం. ఆ కథ రెండు మాటల్లో చెబుతాను. 2011 వేసవిలో అమెరికాలో నిరుద్యోగం 9 శాతం ఉంది. కోటీ ముప్పై లక్షలకు పైగా మనుషులు పని వెతుక్కుంటున్నారు. అప్పుడు వాళ్ళ రెండు పార్టీలు వారాల తరబడి కొట్లాడుకుంది ఉద్యోగాల మీద కాదు, ప్రభుత్వం అప్పు హద్దు పెంచాలా వద్దా అని. ఆగస్టు 5న స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ అమెరికా పరపతి రేటింగ్ తగ్గించింది. వడ్డీలు ఆకాశానికి పోతాయని భయపెట్టారు. పోలేదు, తగ్గాయి. ఎందుకంటే డాలరు వాళ్ళ సొంతం, ప్రపంచం కష్టకాలంలో దాచుకునేదీ వాళ్ళ బాండ్లలోనే. పని లేని మనుషులు అంతమంది ఉన్నప్పుడు ప్రభుత్వం అప్పు చేసైనా పని చూపించాలని ఆర్థికవేత్త కీన్స్ 1936లోనే చెప్పాడు. ఆయన చెప్పింది నేను నమ్ముతాను. కానీ ఆ సలహా ఢిల్లీకి వర్తించినంతగా అమరావతికి వర్తించదు. మన రాష్ట్రం చేసే అప్పులో ఎక్కువ భాగం బయటి నుంచి వడ్డీకి తెచ్చిందే. కాబట్టి ఇక్కడ 'దేనికి' అన్న ప్రశ్న రెండింతలు ముఖ్యం.

ఇప్పుడు మన పార్టీల దగ్గరకు వద్దాం.

2014 జూలైలో కొత్త ప్రభుత్వం వచ్చి రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం పెట్టింది. 2019 జూలైలో ఇంకో ప్రభుత్వం వచ్చి శ్వేతపత్రం పెట్టింది. 2024 జూలైలో మళ్ళీ ప్రభుత్వం మారింది, మళ్ళీ శ్వేతపత్రం. మూడు ఎన్నికలు, మూడు శ్వేతపత్రాలు. మూడింటిలోనూ పోయినవాళ్ళు ఖజానా ఖాళీ చేసి పోయారనే ఉంది. దిగిపోయే ముందు తన ఐదేళ్ళ అప్పు మీద తానే శ్వేతపత్రం పెట్టిన ప్రభుత్వాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

అంకెలు కూడా చూడండి. 2024 ఎన్నికల ప్రచారంలో రాష్ట్రం అప్పు 14 లక్షల కోట్లని చెప్పారు. గెలిచాక శాసనసభలో పెట్టిన శ్వేతపత్రంలో అది 9.74 లక్షల కోట్లు. అంతకు ముందు అధికారంలో ఉన్నవాళ్ళు అది కూడా ఎక్కువే అన్నారు. ఇప్పుడు వాళ్ళు ప్రతిపక్షంలో కూర్చొని, ఈ ప్రభుత్వం ఏ మంగళవారం ఎంత తెచ్చిందో లెక్కపెడుతున్నారు. నేను ఏ పార్టీ మనిషినీ కాదు. ఇది చెబితే అటువాళ్ళు కోపగించుకుంటారు, అది చెబితే ఇటువాళ్ళు కోపగించుకుంటారు. నాకు ఈ వయసులో ఎవరి కోపంతోనూ పని లేదు. మీరు గమనించాల్సింది ఒకటే. 'ఎంత' అన్న ప్రశ్న మీద వాళ్ళు ఎన్నేళ్ళయినా కొట్లాడుకుంటారు, ఎందుకంటే దానికి మూడు జవాబులు ఉన్నాయి. కార్పొరేషన్ల అప్పు కలిపితే ఒక అంకె, కలపకపోతే ఇంకోటి, కాంట్రాక్టర్ల బిల్లుల బకాయిలు కలిపితే వేరొకటి.

కార్పొరేషన్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. బడ్జెట్ హద్దు దాటకుండా అప్పు తేవడానికి ఒక పక్కదారి ఉంది. ప్రభుత్వం ఒక కార్పొరేషన్ పెడుతుంది, అప్పు దాని పేరు మీద తెస్తుంది, తీర్చేది మాత్రం ప్రభుత్వమే. 2020లో రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ పెట్టి, మద్యం మీద రాబోయే ఆదాయాన్ని చూపించి బ్యాంకుల దగ్గర వేల కోట్లు తెచ్చారు. 2022 నుంచి కేంద్రం ఇలాంటి అప్పులను కూడా రాష్ట్రం హద్దులోనే లెక్క కడతానంది. 2025లో ఖనిజాభివృద్ధి సంస్థ పేరు మీద బాండ్లు అమ్మారు. ఒకటి ఒక పార్టీ హయాం, రెండోది ఇంకో పార్టీ హయాం. మొదటిదాన్ని రెండోవాళ్ళు తిట్టారు, రెండోదాన్ని మొదటివాళ్ళు తిడుతున్నారు.

మద్యం ఆదాయాన్ని తాకట్టు పెట్టారన్న మాట చదివిన రోజు నాకు దూబగుంట గుర్తొచ్చింది. అది మా నెల్లూరు జిల్లాలోనే. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన కూలి ఆడవాళ్ళు, రోశమ్మ లాంటివాళ్ళు, సారా మన ఇళ్ళను ఏం చేస్తోందని అడిగారు. సారా కొట్టు మూయించారు. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని ఎత్తేశారు. కారణం ఆదాయం లేదని. చదువు రాని ఆడవాళ్ళు సంపాదించిన విజయాన్ని ఖజానా మూడేళ్ళు కూడా మోయలేకపోయింది. ఈరోజు ఏ పార్టీ వచ్చినా, పేదవాడి తాగుడు లేకుండా బడ్జెట్ నిలబెట్టే మాట ఎత్తడం లేదు. దీన్ని నేను అర్థశాస్త్రం ప్రశ్నగా మాత్రమే చూడలేను. మా వీధిలో ఆ రోజుల్లో ఏం జరిగేదో నేను చూశాను.

సరే, 'దేనికి' అన్న ప్రశ్నకు వద్దాం. దీనికి జవాబు రహస్యం కాదు, బడ్జెట్ పుస్తకంలోనే ఉంది. 2025-26 రాష్ట్ర బడ్జెట్ మొత్తం 3.22 లక్షల కోట్లు. అందులో ద్రవ్య లోటు, అంటే ఆ ఏడాది నికరంగా తేవాల్సిన అప్పు అనుకోండి, దాదాపు 80 వేల కోట్లు. రెవెన్యూ లోటు 33 వేల కోట్ల పైచిలుకు. రెవెన్యూ లోటు అంటే జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు లాంటి రోజువారీ ఖర్చుకు వచ్చే ఆదాయం చాలక పడే కొరత. ఇక ప్రాజెక్టులు, రోడ్లు, భవనాల మీద పెట్టే మూలధన వ్యయం 40 వేల 600 కోట్ల చిల్లర. ఇప్పుడు భాగించండి. మీరు క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ చదివిన పిల్లలు. తెచ్చే ప్రతి రూపాయి అప్పులో 41 పైసలు రోజు గడవడానికే పోతోంది. మా నాయన భాషలో అది పెళ్ళి అప్పు. మిగిలిందే బ్యారన్‌కు. ఈ రెవెన్యూ లోటును పూర్తిగా తీసేయాలని 2003లో కేంద్రం చట్టం చేసింది, 2005లో మన రాష్ట్రమూ చేసింది. ఇరవై ఏళ్ళు దాటింది.

ఇక్కడి నుంచే నేను లాయర్‌పేట మేడ మీదకు వస్తున్నాను. కాస్త జాగ్రత్తగా వినండి.

డబ్బు చాలనప్పుడు ఆర్థిక శాఖ ఏం ఆపగలదు? వడ్డీ ఆపలేదు. ఒక్క వాయిదా తప్పినా రాష్ట్రం పరువు పోతుంది, తర్వాతి మంగళవారం ఎవరూ పాట పాడరు. జీతాలు, పింఛన్లు వారం ఆలస్యం చేయగలదు కానీ ఆపలేదు, ఉద్యోగులకు సంఘాలు ఉన్నాయి. పథకాలు ఆపలేదు, ఓట్లు ఉన్నాయి. ఇక మిగిలినవి మూడు. కాలువ పని నెమ్మది చేయవచ్చు. కాంట్రాక్టర్ బిల్లు పక్కన పెట్టవచ్చు. ఖాళీ అయిన పోస్టు నింపకుండా ఉండవచ్చు. ఈ మూడింటికీ ఉత్తర్వు కూడా అక్కర్లేదు. ఫైలు కదలకపోతే చాలు. ఒక టీచరు రిటైరైతే, ఆ పోస్టు ఐదేళ్ళు ఖాళీగా పెడితే, ఐదేళ్ళ జీతం మిగులుతుంది. ఎవరూ ధర్నా చేయరు, ఎందుకంటే ఆ పోస్టులోకి ఎవరు రావాల్సి ఉందో వాళ్ళకే తెలియదు. అది నువ్వో, నీ పక్కన కూర్చున్న అబ్బాయో. రాని జీతం కోసం మనిషి పోట్లాడలేడు కదా. అందుకే అప్పు భారం పెరిగినప్పుడు అది మొట్టమొదట పడేది ఇంకా ఉద్యోగంలో చేరనివాళ్ళ మీద.

నేను చెప్పేది ఊహ కాదు. 2018లో డీఎస్సీ జరిగింది. ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో, సరిగ్గా ఎన్నికల ముందు, 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ప్రభుత్వం మారాక అది రద్దయింది. కొత్త ప్రభుత్వం 16,347 పోస్టులకు మొదటి సంతకం పెట్టింది. నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది, పరీక్షలు జూన్‌లో జరిగాయి, నియామక పత్రాలు సెప్టెంబరులో చేతికి అందాయి. ఇచ్చినందుకు సంతోషమే. కానీ 2018లో బీఎడ్ పాసైన అమ్మాయికి తర్వాతి అవకాశం ఏడేళ్ళకు వచ్చింది. ఆ ఏడేళ్ళలో బడులు నడవలేదా? పిల్లలు చదవలేదా?

గ్రూప్-2 చూడండి. 2023 డిసెంబరులో 897 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. 4.83 లక్షల మంది దరఖాస్తు పెట్టారు. ఒక్కో పోస్టుకు 538 మంది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న. మధ్యలో ఏడాది. ఈ గదిలో ఎంతమంది ఆ ఏడాది గదిలోనే గడిపారో చేతులెత్తండి... చాలు, దించండి.

న్యాయంగా చెప్పాల్సింది కూడా ఒకటి ఉంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం ఒక్క విడతలో లక్షకు పైగా ఉద్యోగాలు ఇచ్చారు. అది చిన్న విషయం కాదు, మా ఊళ్ళో నలుగురికి వచ్చాయి. కానీ ఏటా జనవరి 1న జాబ్ క్యాలెండర్ అన్న మాట నిలవలేదు. అంతకు ముందు ప్రభుత్వం 2018 అక్టోబరు 2న నిరుద్యోగ భృతి మొదలుపెట్టింది, నెలకు వెయ్యి రూపాయలు. ఎన్నికలకు ఆరు నెలల ముందు. ప్రభుత్వం మారింది, భృతి పోయింది. పిల్లల జీవితం ఐదేళ్ళకోసారి మళ్ళీ మొదటి పేజీకి వస్తోంది.

మీరు అడగవచ్చు, దేశంలో నిరుద్యోగం తగ్గిందని పేపర్లో వస్తోంది కదా సార్ అని. వస్తోంది, అబద్ధం కాదు. కేంద్ర గణాంక సర్వే ప్రకారం నిరుద్యోగ రేటు 2017-18లో 6.1 శాతం, 2023-24లో 3.2 శాతం. కానీ ఆ 3.2లో మీరు ఉన్నారా లేదా అన్నది చూడాలి. ఒక బీటెక్ అబ్బాయి ఇక్కడ గది తీసుకొని చదువుతున్నాడు అనుకోండి. సర్వే మనిషి వస్తే 'చదువుకుంటున్నాడు' అని చెబుతారు. అలా రాసుకుంటే అతను నిరుద్యోగి కాదు, శ్రామిక శక్తిలోనే లేడు. ఇంకో అబ్బాయి ఏడాదంతా ఉద్యోగం వెతుకుతూ, పొగాకు గ్రేడింగ్ సీజన్‌లో నెల రోజులు నాన్నకు సాయం చేశాడు. ఏడాదిలో 30 రోజులు పని చేసినా ఉద్యోగి కిందే లెక్క, సొంత పొలంలో కూలి లేకుండా చేసినా సరే. వారం లెక్కయితే ఇంకా తేలిక, వారంలో ఒక్క గంట పని చేస్తే చాలు. ఈ నిర్వచనాలు మోసం కాదు, వారం లెక్క అంతర్జాతీయ పద్ధతి నుంచి వచ్చిందే. రోజు గడవక ఏదో ఒక పని చేసుకునే దేశంలో, పూర్తిగా పని లేకుండా కూర్చోగలిగేవాడు తక్కువ. అందుకే రేటు తక్కువ కనబడుతుంది. అదే సర్వేలో 15 నుంచి 29 ఏళ్ళ వాళ్ళను విడిగా చూస్తే 2023-24లో 10.2 శాతం. మన బాధ తెలియాలంటే అడగాల్సింది 'పని ఉందా' అని కాదు. చదివిన చదువుకు తగిన పని ఉందా, ఆ పనికి జీతం ఉందా అని.

ప్రభుత్వ ఉద్యోగమే దిక్కా అని కొందరు పెద్దవాళ్ళు పిల్లలను కోప్పడతారు. నేను కోప్పడను. మన వైపు వేరే ఏముంది? చీమకుర్తిలో గ్రానైట్ ఉంది. మార్కాపురంలో పలకలు. తూర్పున పొగాకు, రొయ్యల చెరువులు. ఇవి డిగ్రీ చదివిన ఆడపిల్లకు ఏం ఉద్యోగం ఇస్తాయి? ఫ్యాక్టరీ రావాలంటే నీళ్ళు కావాలి. కనిగిరి వైపు తాగే నీళ్ళలోనే ఫ్లోరైడ్.

నీళ్ళంటే వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన. 18.8 కిలోమీటర్ల సొరంగాలు రెండు. శ్రీశైలం వెనక నుంచి 43.5 టీఎంసీల కృష్ణా నీళ్ళు, ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు, 15 లక్షల మందికి తాగునీరు. మొదటి సొరంగం 2021 జనవరికి పూర్తయింది, రెండోది 2024 జనవరికి. 2024 మార్చిలో, ఎన్నికల ముందు, ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. ఆ రోజుకి ముంపు గ్రామాల వాళ్ళకు పరిహారం అందలేదు, కాలువల పని మిగిలే ఉంది. శంకుస్థాపన నాటికి పుట్టిన పిల్లలు ఈ సభలో ఉంటారు. వాళ్ళకు పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టారు, నీళ్ళు రాలేదు. ఇది ఒక పార్టీ తప్పు కాదు. ఏ ప్రభుత్వానికైనా డబ్బు చాలనప్పుడు ముందు ఆగిన పని ఇదే. ఆలస్యమైన కొద్దీ ఖర్చు పెరిగింది. పెరిగిన ఖర్చుకు మళ్ళీ అప్పు కావాలి. వెలిగొండకు అప్పు చేస్తే నేను చప్పట్లు కొడతాను. అది బ్యారన్ అప్పు. నెల్లూరు వాళ్ళకు ఇది అర్థమవుతుంది. సోమశిలలో నీళ్ళు ఉన్న ఏడాదికీ లేని ఏడాదికీ పెన్నా డెల్టాలో మనుషుల ముఖాలే వేరుగా ఉంటాయి.

ఇక శ్వేతపత్రంలో రాయని బాకీ సంగతి చెప్పి ముగిస్తాను. ఒక అబ్బాయిని అడిగాను, గది అద్దె, మెస్, టెస్ట్ సిరీస్ కలిపి నెలకు ఎంత అవుతోందని. ఏడు వేలన్నాడు. నేను ఐదు వేలే వేస్తాను. లక్ష మంది పిల్లలు, ఒక నోటిఫికేషన్ ఏడాది ఆలస్యమైనందుకు, ఆ ఏడాది ఇలా కూర్చున్నారు అనుకోండి. 600 కోట్లు. ఇది మీ అమ్మానాన్నలు పాల డబ్బుల్లోంచి, కూలి డబ్బుల్లోంచి, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పంపిన డబ్బు. ప్రభుత్వం పోస్టు ఖాళీగా ఉంచి తన జీతాల ఖర్చు మిగుల్చుకుంది, ఆ ఖర్చును మీ ఇళ్ళ మీదకు మళ్ళించింది. అప్పు తగ్గలేదు, చేతులు మారింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ దీన్ని లెక్కించదు, రిజర్వు బ్యాంకు లెక్కించదు, ఏ పార్టీ శ్వేతపత్రమూ దీన్ని రాయదు. మీ వయసు పోయిన లెక్క ఇంకా వేయలేదు నేను.

ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.

(కనిగిరి దగ్గర నుంచి వచ్చిన ఒక రైతు: 'అయితే పథకాలు ఆపేయాలంటారా సార్? మా అమ్మకు పింఛనుతోనే మందులు.')

లేదన్నా. ఆ మాట నా నోట రాదు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు కూడా పెద్ద పెద్దవాళ్ళు రాష్ట్రం దివాలా తీస్తుందన్నారు. మా ఊళ్ళో మాత్రం చాలా ఇళ్ళల్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. ముసలమ్మ చేతిలో పెట్టిన పింఛను ఆ సాయంత్రమే ఊరి కొట్టుకు, మందుల షాపుకు వస్తుంది. అది ఊళ్ళోనే తిరుగుతుంది. నేను అడిగేది వేరు. ఓటు అడగడానికి వచ్చినవాడు కొత్త పథకం చెబితే, దానికి డబ్బు ఏ పన్ను నుంచి తెస్తావు, తేలేకపోతే ఏ పోస్టులు నింపవు, ఏ కాలువ ఆపుతావు అని అక్కడే అడగాలి. జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్ళది. మీ అమ్మ పింఛనుకూ మీ అబ్బాయి ఉద్యోగానికీ మధ్య పోటీ పెట్టింది వాళ్ళు, మీరు కాదు. ఇంకోటి, రాష్ట్రం నెలవారీ లెక్కలు కాగ్ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. అప్పు ఎంత తెచ్చారు, మూలధన వ్యయం ఎంత పెట్టారు, అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. మీ అబ్బాయి ఫోన్‌లో రెండు నిమిషాల్లో చూపిస్తాడు.

(ఒక తండ్రి: 'మావాడికి ముప్పై ఒకటి. ఇంకా డబ్బులు పంపాలా, ఇంటికి రమ్మనాలా? వాడు నాతో మాట్లాడటమే మానేశాడు సార్.')

...దీనికి అర్థశాస్త్రంలో జవాబు లేదయ్యా. ఒక మాట మాత్రం చెబుతాను. వాడు మాట్లాడనిది మీ మీద కోపంతో కాదు, సిగ్గుతో. 538 మందిలో ఒకరికి వచ్చే ఉద్యోగం రాకపోతే అది చేతగానితనం అనిపించుకోదు. ఈ మాట మీ నోటితో వాడికి చెప్పండి. ఇంటికి రమ్మనండి, చదువు మానమని చెప్పకండి. ఇంకో పని చేసుకుంటూ ఎన్నేళ్ళు రాద్దామనుకుంటున్నాడో వాడినే ఒక తేదీ పెట్టుకోమనండి.

ఇంకెవరైనా? సరే. వెళ్ళే ముందు ఒక పని. నేను ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చాను. పేర్లు వద్దు. ఏ సంవత్సరం డిగ్రీ పాసయ్యారు, ఎన్ని పరీక్షలు రాశారు, ఇంటి నుంచి ఇప్పటిదాకా ఎంత డబ్బు తెచ్చుకున్నారు, ఈ మూడే రాయండి. కూడిక నేను చేస్తాను. తర్వాత ఏ పార్టీ నాయకుడు ఈ ఊరు వచ్చినా ఆ కాగితం చేతిలో పెడదాం. ఆ చివరి వరస నుంచి మొదలుపెట్టండి. పెన్ను ఉందా అమ్మా?